అక్కడ ఇంకెవరున్నారు

ఆ వేసవంతా మా ఇంట్లో నా గుండె గురించే మాటలు. అంతకుముందు నాలుగేళ్ళుగా అది అప్పుడప్పుడూ లయ తప్పుతూనే ఉంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు, ఏ హెచ్చరికా లేకుండా, ఛాతీలో ఎవరో తడి దుప్పటి పట్టుకుని దులుపుతున్నట్టు మొదలయ్యేది. కొన్ని గంటలకి దానంతట అదే సర్దుకునేది. మందులు వాడుతున్నాను. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. అది పెద్ద విషయంగా మారింది పిన్ని మా ఇంటికి వచ్చి వెళ్ళాకే.

ఒక ఆదివారం పొద్దున వచ్చింది పిన్ని. నేను కుట్టుమిషను ముందు కూర్చుని ఆసుపత్రి దుప్పట్లకి అంచులు కుడుతున్నాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగి, చెప్పులు విప్పకుండా, చేతిలో కాగితం చూపించింది.

"తొమ్మిదేళ్ళకి మళ్ళీ విచారణ వేశారమ్మా. ఈసారి రాజధానిలో. ఎవరన్నా వచ్చి చెబితే వింటారట."

పిన్నితో నాకు చుట్టరికం లేదు. ఆసుపత్రులకీ హోటళ్ళకీ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో నేను పదిహేనేళ్ళు పనిచేశాను. అక్కడ బాయిలర్ చూసుకునే ఆయన్ని అందరం ఆవిరి బాబాయ్ అనేవాళ్ళం. ఆయన భార్య కాబట్టి ఆమె పిన్ని. తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం బాయిలర్ పేలి, వెనక గోడ కూలి, బాబాయ్ పోయాడు. పనివేళ నిద్రపోయి, ఆవిరి ఒత్తిడి పెరగడం గమనించలేదని రిపోర్టు రాశారు. ఆఖర్న 'నిర్లక్ష్యం' అన్న మాట. బాబాయ్ నిద్రపోవడం మాట అటుంచి, కూర్చోవడం కూడా మేమెవరం చూడలేదు. ఆ గదిలో ఉన్న ఒక్క స్టూలు మీద ఆయన టీ గ్లాసు కూర్చునేది.

"నువ్వు ఆరోజు మడత బల్ల దగ్గర ఉన్నావని విన్నా. తెలిస్తే చెప్పు. తెలీకపోతే లేదు. బలవంతం ఏం లేదు తల్లీ," అంది పిన్ని. మంచినీళ్ళు ఇస్తానన్నా ఆగకుండా వెళ్ళిపోయింది.

నాకు తెలుసు. మేనేజరు గది మేం దుప్పట్లు మడతపెట్టే ఆ బల్ల పక్కనే. అద్దాల గది, తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. ఆరోజు బాబాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సేఫ్టీ వాల్వ్ పట్టేసింది సార్. ఆపి, చల్లార్చి చూడాలి," అన్నాడు. "సాయంత్రం లారీ వెళ్ళనీ, అప్పుడు ఆపుకో," అన్నాడు మేనేజరు. బాబాయ్ మళ్ళీ చెప్పాడు. మేనేజరు జవాబివ్వకుండా ఫోనెత్తుకున్నాడు. గంటన్నర తర్వాత పేలింది.

అప్పటి విచారణలో నన్ను అడిగారు. నేనేమీ చూడలేదు, వినలేదు అని చెప్పి సంతకం పెట్టాను. ఎందుకంటే ఆ గదిలో మూడో మనిషి ఉన్నాడు. లారీ కాగితాల మీద సంతకం కోసం నిలబడ్డ లోడింగ్ సూపర్‌వైజరు. మా ఆయన. ఆయన అప్పటికే తనకేమీ తెలియదని రాసిచ్చేశాడు.

*

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "విచారణకి వెళ్దామనుకుంటున్నా."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. "అంత దూరమా? నీకున్న జబ్బుకి?" అన్నాడు.

మా ఆడపడుచు అందుకుంది. ఆయనకి అక్క, నాకు వదిన. భర్త పోయాక మాతోనే ఉంటోంది. "రోజంతా రైల్లోనా? దారిలో ఏమన్నా అయితే? గొలుసు లాగితే డాక్టరొస్తాడనుకున్నావా, టీసీ వస్తాడు."

"ఫోన్లో చెప్తే కుదరదా?" అన్నాడు ఆయన.

"కుదరదట. ముందు రాసిచ్చిన మాట మార్చుకునేవాళ్ళు స్వయంగా రావాలని కాగితంలోనే ఉంది."

ఆయన కంచం తీసుకుని లేచిపోయాడు. వదినకి అసలు సంగతి తెలియదు. తమ్ముడికి భార్య మీద ఎంత ప్రేమో అన్నట్టు నావైపు చూసింది.

మూడోరోజు ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా డాక్టరమ్మ నాకన్నా పదేళ్ళు చిన్నది. ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడదు.

"ప్రయాణం వద్దని మీరైనా చెప్పండి," అన్నాడు మా ఆయన కుర్చీలో కూర్చోకముందే.

"ఎందుకు వద్దు?"

"దారిలో వస్తే?"

"ఇది ఈమె ఇంట్లో ఉందా రైల్లో ఉందా అని చూసుకుని రాదండీ. వస్తే ఏం చెయ్యాలో తెలిసుండాలి, అంతే." నావైపు తిరిగింది. "మందులు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. రక్తం పల్చబరిచే మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. నీళ్ళు తాగుతూ ఉండండి, గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. లయ తప్పితే నేను చెప్పిన మాత్ర వేసుకుని కూర్చోండి, నాకు ఫోన్ చెయ్యండి. కానీ కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా, మాట తడబడినా ఇక రైలూ లేదు, విచారణా లేదు. దిగి ఆసుపత్రికే. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా."

బయటికొచ్చాక వదిన, "ఈ పిల్ల వద్దనలేదేంటి?" అని ముక్కు మీద వేలేసుకుంది. మా ఆయన ఆటో కోసం రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

*

విచారణకి ఇంకా పది రోజులుందనగా జబ్బు మళ్ళీ వచ్చింది. డాబా మీద బట్టలారేస్తున్నాను. దుప్పటి రెండో కొస తీగ మీద వెయ్యబోతుంటే ఛాతీలో దులపడం మొదలైంది. అక్కడే నేల మీద కూర్చున్నాను. మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూసుకుంటే రెండు వేగంగా, ఒకటి లేదు, మళ్ళీ నాలుగు, మళ్ళీ ఏదీ లేదు. ఎప్పుడూ మూడు నాలుగు గంటల్లో తగ్గేది ఈసారి సాయంత్రానికీ తగ్గలేదు. ఆసుపత్రిలో చేర్చారు. ఛాతీకి తీగలు అంటించి పడుకోబెట్టారు. మర్నాడు పొద్దున్నే సర్దుకుంది.

డాక్టరమ్మ రౌండ్లకి వచ్చేసరికి మా ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. వస్తామని పేరిచ్చి అనారోగ్యం వల్ల రాలేకపోయినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ జతపరిచి పంపాలని విచారణవాళ్ళే ఇచ్చిన ఫారం. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి ఎప్పటినుంచి జేబులో ఉంచుకున్నాడో, మడతల దగ్గర నలిగిపోయింది.

"ఇది మీరు రాసివ్వాలి," అన్నాడు.

డాక్టరమ్మ చదివింది. "రాసిస్తా, దానికేముంది. అబద్ధం కూడా కాదు. కానీ ఆమె అడగాలి."

ఇద్దరూ నావైపు చూశారు.

 నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నా మనసు ఆ ఫారం మీదే ఉంది. ఒక్క మాటంటే చాలు. ఎవరూ తప్పుపట్టరు. పిన్ని కూడా పట్టదు, పైగా చూడ్డానికి వస్తుంది, "ఆరోగ్యం చూసుకో తల్లీ" అంటుంది. ఆమె అలా అంటుంటే నేను ఈ మంచం మీద ఎటు చూస్తాను అనిపించింది.

"వద్దండీ," అన్నాను. "మాత్ర మోతాదు పెంచుతానన్నారు కదా. అది చెప్పండి."

ఆవిడ ఫారం మా ఆయనకి తిరిగిచ్చేసి, చీటీ మీద కొత్త మోతాదు రాసింది. నాలుగు రోజుల తర్వాత వచ్చి ఇంకోసారి ఇసిజి తీయించుకోమంది, అది బాగుంటేనే వెళ్ళమంది.

ఇంటికెళ్ళేటప్పుడు బస్టాపు బల్ల మీద ఆయనా నేనూ ఇద్దరమే ఉన్నాం.

"మీకు ముందే చెప్తున్నా," అన్నాను. "అక్కడ అడిగితే మీ పేరు చెప్తాను."

"అడక్కపోతే?"

"అడుగుతారు."

ఆయన చాలాసేపు బస్సు వచ్చే వైపు చూశాడు. "లాండ్రీలో నా సర్వీసు ఇంకా మూడేళ్ళే ఉంది."

"తెలుసు."

"నీకున్నది గుండెజబ్బు కాదే. మొండిజబ్బు," అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. ఆ తర్వాత ఆరు రోజులు నాతో అవసరమైన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. రెండో ఇసిజి బాగా వచ్చింది. టికెట్టు కొనుక్కున్నాను.

*

బయల్దేరే ముందురోజు వదిన తన సంచి కూడా తెచ్చి నా సంచి పక్కన పెట్టింది.

"వాడు రాడు. నువ్వొక్కదానివే వెళ్తే నాకిక్కడ గుండె ఆగుతుంది. నేనొస్తున్నా. కిటికీ సీటు మాత్రం నాదే."

రైలు ఊరు దాటాక ఆమెకి అంతా చెప్పాను. తమ్ముడి సంగతి కూడా. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఎప్పుడూ తెరిపి లేకుండా మాట్లాడే మనిషి అలా ఊరుకుంటే నాకు భయమేసింది.

"చిన్నప్పుడూ వాడంతే," అంది చివరికి. "అద్దం ఎవర్రా పగలగొట్టిందని మా నాన్న అడిగితే గోడ వైపు చూసేవాడు. అబద్ధమాడేవాడు కాదు. గోడ చూసేవాడు." నావైపు తిరిగి, "నువ్వు మాత్రం చెప్పు," అంది.

మధ్యాహ్నం జంక్షన్లో బండి మారాలి. పట్టాలు దాటే వంతెన మెట్లు సగం ఎక్కామో లేదో, వచ్చేసింది. రైలింగు పట్టుకుని ఆగిపోయాను. వదిన నా మొహం చూసి ఏమీ అడగలేదు. రెండు సంచులూ తనే తగిలించుకుని, నన్ను మెల్లగా దింపి, వెయిటింగ్ రూములో ఫ్యాను కింద కూర్చోబెట్టింది. మాత్ర వేసుకున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఒక్కొక్కటే అడిగింది. నొప్పి ఉందా, లేదు. ఆయాసం, లేదు. కళ్ళు తిరుగుతున్నాయా, లేదు. "అయితే రెండు మూడు గంటలు కదలకండి. తగ్గితే వెళ్ళండి. తగ్గకపోతే స్టేషనుకి ఎదురుగానే పెద్దాసుపత్రి ఉంది, నేను ఫోన్ చేసి చెప్తా."

మేమెక్కాల్సిన బండి మా కళ్ళముందే కదిలి వెళ్ళిపోయింది.

"వెనక్కి వెళ్ళే బండి రెండున్నరకి," అంది వదిన, చెవి పక్కన ఫోన్ పెట్టుకుంటూ. నేను వద్దంటున్నా వినకుండా తమ్ముడికి కలిపింది. "ఒరేయ్, దీనికి మళ్ళీ వచ్చిందిరా. జంక్షన్లో ఉన్నాం... ఆఁ... ఆఁ..." నాకేసి చూసింది. "నీకిమ్మంటున్నాడు."

ఫోనందుకున్నాను. వెనక లాండ్రీలో ఇస్త్రీ రోలర్ల చప్పుడు వినిపిస్తోంది. వెంటనే వెనక్కి వచ్చెయ్యమంటాడు. జవాబు సిద్ధం చేసుకుంటున్నాను.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"నొప్పేమన్నా?"

"లేదు."

కాసేపు రోలర్లే వినిపించాయి.

"రాజధానికి ఇంకో బండి నాలుగూ పదికి ఉంది," అన్నాడు. "ఐదో నంబరు ప్లాట్‌ఫారం. ఆ చివర లిఫ్టుందట, మెట్లెక్కొద్దు." ఆ వెంటనే, "తగ్గితేనే సుమా."

"సరే," అన్నాను. అంత వెంటనే ఎలా చెప్పగలిగాడో అడగలేదు. ఫోన్ వదినకిచ్చేశాను.

మూడుంబావుకి తగ్గింది. నాకు ఎప్పుడూ అంతే, వచ్చినంత హఠాత్తుగా పోతుంది. ఇంకో అరగంట కూర్చుని, మణికట్టు మళ్ళీ మళ్ళీ చూసుకుని, లిఫ్టులో ఐదో ప్లాట్‌ఫారానికి వెళ్ళాం. వదిన దారి పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టి, ఏ ఊళ్ళో బండి ఎన్ని నిమిషాలాగుతుందో, ఎక్కడ ఆసుపత్రి దగ్గరో టీసీని పట్టుకుని అడిగింది. పాపం ఆయన, రెండోసారి మా పెట్టెలోకి రాలేదు.

*

విచారణ గది బడిలో తరగతి గదిలా ఉంది. ఎత్తుబల్ల వెనక ఒక పెద్దాయన, పక్కన టైపు చేసే అమ్మాయి, ఎడమవైపు యాజమాన్యం లాయరు. వెనక బెంచీలో పిన్ని కూర్చుంది. నన్ను చూసి తలూపింది, అంతే.

విన్నది విన్నట్టు చెప్పాను. బాబాయ్ అన్న మాటలు, మేనేజరు అన్న మాటలు. లాయరు లేచాడు.

"తొమ్మిదేళ్ళ కిందట ఏమీ వినలేదని సంతకం పెట్టారు. అది మీ సంతకమేనా?"

"నాదే."

"అయితే అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నది అబద్ధమా?"

"అప్పటిది," అన్నాను. "భయపడి అబద్ధం చెప్పాను."

ఆయన కాగితాలు తిరగేశాడు. "మీకు గుండెజబ్బు ఉంది. నాలుగేళ్ళుగా రకరకాల మందులు వాడుతున్నారు. పోయిన వారమే ఆసుపత్రిలో ఉన్నారు. తొమ్మిదేళ్ళ నాటి మాటలు ఇంత స్పష్టంగా గుర్తున్నాయంటే..."

"జబ్బు గుండెకండీ," అన్నాను. "చెవులకి కాదు."

వెనక వదిన దగ్గింది. పెద్దాయన మొహంలో ఏ మార్పూ లేదు. కళ్ళజోడు తీసి నన్ను నేరుగా అడిగాడు.

"మేనేజరు, బాయిలర్ ఆపరేటరు కాక, అక్కడ ఇంకెవరున్నారు?"

గుండె గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మణికట్టు మీద వేళ్ళు పెట్టాను. వేగంగా ఉంది కానీ ఒక్క దెబ్బా తప్పడం లేదు. ఇది జబ్బు కాదు, ఉత్త భయం.

"లోడింగ్ సూపర్‌వైజరు," అన్నాను. "మా ఆయన."

టైపు చేస్తున్న అమ్మాయి చేతులు ఆగాయి. "పూర్తి పేరు చెప్పండి," అన్నాడు పెద్దాయన. చెప్పాను. ఆ అమ్మాయి అక్షరాలు సరిగ్గా కొట్టిందో లేదో నన్నే చూసుకోమంది. సరిగ్గానే కొట్టింది.

*

తిరిగొచ్చేసరికి ఆయన స్టేషన్లో ఉన్నాడు. నా చేతిలో సంచి తీసుకున్నాడు.

"అడిగారా?"

"అడిగారు."

"ఊఁ," అన్నాడు. ఇంటిదాకా అంతే.

మూడు వారాలకి ఆయన పేరున నోటీసు వచ్చింది. ఆ రోజే లాండ్రీలో ఆయన్ని లోడింగ్ నుంచి గేటు దగ్గరికి మార్చారు.  వదిన, "గేటు దగ్గర గాలొస్తుందిలే," అంది.

విచారణకి ఆయనొక్కడే వెళ్ళాడు. తోడొస్తానంటే వద్దన్నాడు. పిన్నికి జ్వరం, ఆమె ఆ వాయిదాకి వెళ్ళలేదు. ఆయన తిరిగొచ్చిన సాయంత్రం మొదటి వాన కురుస్తోంది. తడిసిన బూట్లతో గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయాడు. నేను తువ్వాలు తెచ్చిచ్చాను.

"నేనూ విన్నానని చెప్పా," అన్నాడు.

"మంచిది."

"ఇంకేమన్నా చెప్పాలా అని అడిగారు." బూటు ముడి విప్పబోయి ఊరుకున్నాడు. "ఆరోజు మేనేజరు గదిలోంచి బయటికొచ్చాక బాబాయ్ నాతో అన్నాడు, 'నేను ఆపేస్తున్నానురా, వాడేమన్నా అనుకోనీ' అని. లారీ నా డ్యూటీ కదా. 'ఒక్క గంట ఓపిక పట్టు బాబాయ్, నా మాట విను' అన్నా." తువ్వాలు చేతిలోనే ఉంది, తుడుచుకోలేదు. "విన్నాడు."

 తొమ్మిదేళ్ళుగా ఈయన భయపడింది ఉద్యోగం కోసమే అనుకున్నాను. పక్కన చోటు చేసుకుని అదే మెట్టు మీద కూర్చున్నాను. ఇద్దరం తడిశాం.

"ఇదీ చెప్పారా వాళ్ళకి?"

"చెప్పా. రాసుకున్నారు." తువ్వాలు మెట్టు మీద పెట్టాడు. "ఆ కాగితం పిన్ని చదివేలోపు నేనే వెళ్ళి చెప్పాలి."

వానలు వెనకబట్టాక ఆర్డరు వచ్చింది. బాబాయ్ పేరు పక్కనుంచి 'నిర్లక్ష్యం' అన్న మాట తీసేశారు. మేనేజరు మీద కేసు నడుస్తోంది. మా ఆయన్ని గేటు నుంచీ తీసేశారు. ఇప్పుడు ఆయన నేను కుట్టిన దుప్పట్లు సైకిలు మీద ఆసుపత్రులకి చేరవేస్తున్నాడు. నా గుండె మొన్న కూడా ఒకసారి లయ తప్పింది, నాలుగు గంటల్లో సర్దుకుంది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆయన మెట్టు మీద కూర్చుని చెప్పిన మర్నాడు పొద్దున, ఇద్దరం పిన్ని వాళ్ళ వీధికి వెళ్ళాం. మలుపు దగ్గర ఆయన ఆగాడు.

"నువ్విక్కడే ఉండు. నేను వెళ్తా," అన్నాడు.

అక్కడి నుంచి ఆమె గుమ్మం కనిపిస్తుంది. ఆయన తలుపు తట్టాడు. పిన్ని తీసింది. లోపలికి రమ్మన్నట్టు పక్కకి జరిగింది కూడా. ఆయన కదల్లేదు. అక్కడే నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. మాటలు నాకు వినిపించవు. చెయ్యి ఒకసారి లేచింది, అటు, లాండ్రీ ఉన్న వైపు చూపించింది, దిగిపోయింది. పిన్ని బయటికొచ్చి, గుమ్మం తలుపు దగ్గరగా వేసి, మెట్టు మీద కూర్చుంది.

ఆయన్ని కూర్చోమనలేదు. ఆయన వెళ్ళిపోనూ లేదు.